మునగచెట్టెక్కించే మెయిళ్ళు

"అభినందనలు! ఈ వారం మీ ప్రొఫైల్ పదిహేడు వెతుకులాటల్లో కనిపించింది" అని ఓ మెయిల్ వచ్చింది కదూ? చదివావు. ఫోన్ పక్కన పెట్టావు. పప్పు తాలింపు పెట్టి, చెయ్యి తుడుచుకుని మళ్ళీ తీసి చదివావు. ఎవరై ఉంటారబ్బా అని లెక్కలు మొదలయ్యాయి. పోయిన నెల అప్లై చేసిన కంపెనీవాళ్ళేమో, పాత టీమ్ లీడరేమో, ఎవరో ఒకరు మనల్ని తలుచుకున్నారన్నమాట! ఓ అయిదు నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత "ఛీ, మెషిన్ పంపిన మెయిలుకి ఇంత సంబరమా నాకు" అని నీ మీద నీకే చిరాకు పుట్టింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు తల్లీ. నీ టీ కప్పు తెచ్చుకుని ఇలా కూర్చో, తీరిగ్గా మాట్లాడుకుందాం.

మనలో ఈ మెయిల్ రానివాళ్ళెవరు చెప్పు? పిల్లాడు బడికెళ్ళే వయసొచ్చాక మళ్ళీ ఉద్యోగం మొదలుపెడదామని చూస్తున్న అమ్మాయికి వస్తుంది. మాదాపూర్‌లో బెంచి మీద కూర్చుని ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తున్న తమ్ముడికి వస్తుంది. డాలస్‌లో లేఆఫ్ అయ్యి, హెచ్‌1బీ వీసా మీద మిగిలిన అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలని రాత్రిళ్ళు నిద్రపట్టని మరదలికీ ఇదే మెయిల్. మాటలు అందరికీ ఒకటే. చదివేవాళ్ళ అవసరాలే వేరువేరు. అవసరం ఎంత గట్టిదైతే, ఆ "అభినందనలు" అంత తియ్యగా ఉంటుంది. మనల్ని ఎవరూ పట్టించుకోవట్లేదేమో అన్న దిగులు ఉన్నప్పుడు పట్టించుకున్నామని ఎవరంటే వాళ్ళ వైపు మనసు పోతుంది, పోకుండా ఎలా ఉంటుంది?

ఈ పొగడ్తల మెయిళ్ళలో నాకు భలే గుర్తుండిపోయింది 2013 నాటిది. ఆ ఏడాది జనవరిలో ఉద్యోగాల సైటు లింక్డ్‌ఇన్ తన సభ్యులు 20 కోట్లకు చేరారని ప్రకటించింది. ఫిబ్రవరి వచ్చేసరికి జనం ఇన్‌బాక్సుల్లో ఓ మెయిల్ వాలింది. 2012లో ఎక్కువమంది చూసిన ప్రొఫైళ్ళలో మీది మొదటి 5 శాతంలో ఉంది, అభినందనలు అని దాని సారాంశం. కొందరికి 10 శాతమని వచ్చింది, కొందరికి ఏకంగా 1 శాతమని. కింద ఆ కంపెనీలో ప్రోడక్ట్ విభాగం చూసే పెద్ద అధికారి దీప్ నిషార్ పేరు. ఆ పక్కనే ఈ శుభవార్తని నలుగురితో పంచుకోండంటూ బటన్లు. ఇంకేముంది, ట్విట్టర్ తెరిస్తే చాలు, "నేను మొదటి 5 శాతంలో ఉన్నానహో" అని దండోరాలే. డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు, ఒకరని లేదు. కాసేపటికి పక్క సీటువాడికీ అదే వచ్చిందని తెలిసి, అందరూ కలిసి నవ్వుకున్నారు.

ఇప్పుడు మనం ఓ చిన్న లెక్క వేద్దాం, కాలిక్యులేటర్ అక్కర్లేదు. 20 కోట్లలో 10 శాతమంటే 2 కోట్ల మంది. 5 శాతమంటే కోటి. ఆఖరికి ఆ ఘనమైన 1 శాతమన్నా 20 లక్షల మంది. హైదరాబాదు జనాభా మొత్తాన్నీ ఒకచోట నిలబెట్టినా 2 కోట్లు కారు కదా! "మీరు రెండు కోట్ల మందిలో ఒకరు" అని రాసుంటే ఎవరైనా పోస్టు పెట్టేవాళ్ళా? అదే లెక్కని శాతాల్లోకి తిప్పేసరికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. నాకు అదే చిత్రంగా అనిపిస్తుంది, కాస్త భయంగా కూడా. అబద్ధమైతే పట్టుకోవచ్చు, నిజాన్నే ఇలా వడ్డిస్తే ఎక్కడని పట్టుకుంటాం?

ఇంకో కిటుకు కూడా ఉంది చూడు. ఇలాంటి సైట్లలో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ కూడా మర్చిపోయినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. వాళ్ళ ప్రొఫైల్ వైపు ఎవరూ తొంగిచూడరు. అప్పుడప్పుడూ లాగిన్ అయ్యి, ఓ ఫొటో పెట్టుకుని, తెలిసినవాళ్ళని నలుగురిని కలుపుకున్న మనిషి వాళ్ళందరినీ దాటి ఇట్టే పైకొచ్చేస్తుంది. పైగా చూడటమంటే మెచ్చుకోవడమా? సంబంధం మాట్లాడేముందు అబ్బాయి ఉద్యోగం నిజమో కాదో ఆరా తీసే పెదనాన్న చూసినా అది ఒక వ్యూనే. పాత ఆఫీసులో మన ప్రమోషన్ తన్నుకుపోయిన మహాతల్లి, మనం ఇప్పుడేం వెలగబెడుతున్నామో అని చూసినా వ్యూనే. యంత్రానికి ఇద్దరూ ఒకటే.

అంతకు రెండేళ్ళ ముందు, 2011 మార్చిలో, సభ్యులు 10 కోట్లు అయినప్పుడూ ఇలాంటిదే ఒకటి జరిగింది. సైటు పెట్టిన వాళ్ళలో ముఖ్యుడైన రీడ్ హాఫ్‌మన్ పేరుతో, మొదటి పది లక్షల మంది సభ్యులకి కృతజ్ఞతల మెయిల్ వెళ్ళింది. మీరు తొలినాళ్ళలోనే మమ్మల్ని నమ్మారు, మీ సభ్యత్వం నంబరు ఇదీ అని. అది నాకు కాస్త నయమనిపిస్తుంది. కృతజ్ఞతలో గౌరవం ఉంది. అయినా పది లక్షల మందికి ఒకేసారి "మీకు ప్రత్యేకంగా" అనడం, అదో విద్యేలే.

మన పెళ్ళి శుభలేఖల్నే చూడు. "మీ రాక కోసం వేయి కళ్ళతో ఎదురుచూస్తుంటాం" అని వెయ్యి కార్డుల మీద ఒకేసారి అచ్చు వేస్తారు. కవరు మీద పేరు మాత్రం చేత్తో రాస్తారు. మనకి దాని మీద కోపమేమీ రాదు, అందరికీ వేశారని తెలుసు, వీలైతే వెళ్తాం, లేకపోతే లేదు. అదే ఇంటికొచ్చి, గుమ్మంలో నుదుట బొట్టు పెట్టి, "వదినా, ముందురోజే వచ్చెయ్యాలి మీరు" అని పిలిచినవాళ్ళ పెళ్ళికి సెలవు పెట్టుకుని మరీ పోతాం. ఈ మెయిళ్ళు అచ్చు వేసిన కార్డులు. పోనీ అలాగే వచ్చినా బాగుండు, బొట్టు పెట్టి పిలిచినట్టు మాట్లాడతాయి. మన తికమకంతా అక్కడే.

"అన్నీ తెలిసి కూడా ఎందుకు పడతాం అక్కా?" అంటావు, అవునా? తెలివి తక్కువై మాత్రం పడట్లేదు, ముందు ఆ బెంగ తీసేయ్. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అని ఓ అమెరికన్ సైకాలజీ ఆయన తన క్లాసులో 39 మంది విద్యార్థులకి ఓ పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఒక్కొక్కరి చేతికీ ఓ కాగితం ఇచ్చి, ఇది మీ పరీక్షని బట్టి మీ స్వభావం గురించి రాసింది, ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులేయండి అన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత తీరా చూస్తే అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం! అందులో వాక్యాలు చాలామటుకు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకొచ్చినవి. నీలో బయటపడని శక్తి ఇంకా చాలా ఉంది అంటే కాదనేవాళ్ళు ఎవరుంటారు చెప్పు? నేనైతే ఆ వాక్యానికి 5కి 5 వేసేదాన్ని.

మెషిన్ మాటకి పొంగిపోయానే అని బాధపడుతున్నావు కదా, దానికీ ఓ ప్రయోగం ఉంది. 1997లో బీజే ఫాగ్, క్లిఫర్డ్ నాస్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కంప్యూటర్ చేత మనుషుల్ని పొగిడించి చూశారు. ఈ పొగడ్తకీ మీరు చేసిన పనికీ ఏ సంబంధమూ లేదని ముందే చెప్పేశారు కూడా. అయినా పొగిడించుకున్నవాళ్ళకి హుషారొచ్చింది, ఆ కంప్యూటర్ మీద అభిమానమూ పెరిగింది. 2010లో హాంకాంగ్ పరిశోధకులు ఎలేన్ చాన్, జైదీప్ సేన్‌గుప్తా ఇంకో అడుగు ముందుకేశారు. కొత్త బట్టల దుకాణం పంపినట్టుగా, "మీ అభిరుచి అద్భుతం" అనే కరపత్రం చదివించారు. ఇది అందరికీ పంపే సరుకేలే అని పైపైకి కొట్టిపారేశారు జనం. లోలోపల మాత్రం ఆ దుకాణం మీద ఇష్టం అలాగే మిగిలిపోయింది. అంటే మన బుర్ర పొగడ్తని గుమ్మంలోనే ఆపేసినా, మనసు దొడ్డిదారిన లోపలికి రానిచ్చేసిందన్నమాట. మార్కెటింగ్ వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి మనం ఒక పని చేద్దాం. ఆ సంతోషంతో యుద్ధానికి దిగొద్దు, వచ్చింది కదా, ఉంచుకో, అది నీదే. వేలు మాత్రం కాసేపు ఆపు. మెయిల్ మొత్తం చదివి, చిట్టచివర రంగు బటన్ ఎక్కడుందో చూడు. అది నీ దగ్గర ఏం అడుగుతోంది? డబ్బా, నీ సమయమా, నీ పరిచయాలా, లేక నీ చేత వాళ్ళకి ఉచితంగా ప్రచారం చేయించుకోవడమా? 2013 నాటి మెయిల్ ఆ చివరిది అడిగింది, కోట్ల మంది సంబరం మీద. బటన్ సంగతి తెలిశాక పొగడ్త ఎందుకొచ్చిందో దానంతటదే తెలిసిపోతుంది.

డబ్బు అడిగే రకం మన ఆడపిల్లల్ని ఎక్కువ ఊరిస్తుంది. "మీ ప్రొఫైల్ ఎవరో చూశారు" అని చెప్పి, పేర్లు మసకగా చూపించి, మొత్తం చూడాలంటే ప్రీమియం తీసుకోండి, మొదటి నెల ఉచితం అంటుంది. ఆ మసక వెనక నీ కలల కంపెనీ ఉందేమోనని ప్రాణం కొట్టుకుంటుంది కదా? ఓ మాట చెప్తాను విను. దాక్కుని చూసే పద్ధతి పెట్టుకున్నవాళ్ళ పేరు నువ్వు ప్రీమియం కట్టినా కనపడదు. నిజంగా ఉద్యోగం ఇవ్వాలనుకున్న మనిషి మసక వెనక దాక్కుని కూర్చోదు కూడా, నీకు మెసేజ్ పెడుతుంది, దానికి ఆవిడకి జీతమిస్తున్నారు. గట్టిగా ఉద్యోగం వెతికే రోజుల్లో ప్రీమియం ఓ నెల తీసుకుంటే తప్పులేదు, కోర్సులు వగైరా ఉపయోగపడతాయి. కానీ తీసుకున్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో నెల ముగియడానికి మూడు రోజుల ముందు అలారం పెట్టుకో. కార్డు మీద ప్రతినెలా దానంతటదే పోయే డబ్బుకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మెసేజ్‌ని ఓటీపీల గుంపులో కలిపేసి వదిలెయ్యకు. మీ ఆయన కార్డు ఇచ్చి ఉంటే ఆ మెసేజ్ ఆయన ఫోన్‌కే వస్తుంది, "ఇదేంటి?" అని అడిగేలోపు నువ్వే చెప్పేయ్, ఇంట్లో అనవసరపు గొడవ ఎందుకు?

శ్రమ అడిగేది ఇంకా సున్నితంగా ఉంటుంది. 2023లో లింక్డ్‌ఇన్ కృత్రిమ మేధ చేత వ్యాసాల అస్థిపంజరాలు రాయించి, వాటికి కండ పట్టించడానికి సభ్యుల్ని పిలవడం మొదలుపెట్టింది. ఈ విషయంలో మీలాంటి నిపుణులు కొద్దిమందే, మీ అభిప్రాయం చెప్పండి అని. బాగా రాసినవాళ్ళకి పేరు పక్కన బంగారు రంగు బ్యాడ్జి. ఆ బ్యాడ్జి కోసం పిల్లల్ని పడుకోబెట్టాక కూర్చుని, తమకి అంతంతమాత్రం తెలిసిన విషయాల మీద కూడా రాసినవాళ్ళు ఎంతమందో. తర్వాత 2024 అక్టోబరులో ఆ బంగారు బ్యాడ్జిలే ఎత్తేశారు. రాసింది మాత్రం సైటుకి మిగిలింది. రాయొద్దు అనను, రాస్తే చేయి తిరుగుతుంది, పేరొస్తుంది. కాకపోతే అనుభవంతో రాసిన మంచి ముక్క ఏదైనా ఉంటే ముందు నీ దగ్గర ఓ ఫైలులో దాచుకో, నీ పేరు మీద నువ్వు పెట్టే పోస్టుగా పెట్టుకో. వాళ్ళ ప్రశ్నకి జవాబుగా కాకుండా నీకు తోచిన విషయం మీద రాసుకో. రేపు ఇంటర్వ్యూలో చూపించుకోడానికైనా పనికొస్తుంది.

పరిచయాలు అడిగేది మాత్రం పరువు తీసేస్తుంది బాబూ! "మీ పరిచయస్థులు ఎవరెవరు ఇక్కడున్నారో చూద్దామా?" అని ముద్దుగా అడుగుతుంది, మనం సరే అంటాం, ఫోన్లోనో మెయిల్లోనో ఉన్న చిరునామాలన్నీ దానికి చేరిపోతాయి. ఇక మన పేరుతో ఆహ్వానాలు బయల్దేరతాయి. గ్యాస్ ఏజెన్సీ అతనికి, అమ్మాయి స్కూల్ ప్రిన్సిపాల్‌కి, మాటల్లేని తోడికోడలికి. వాళ్ళు ఊరుకుంటే రిమైండర్లు, అంటే మళ్ళీ మళ్ళీ మెయిళ్ళు. మొదటిదానికి ఒప్పుకున్నాం గానీ ఈ రెండోదానికీ మూడోదానికీ మేమెప్పుడు ఒప్పుకున్నాం అని అమెరికాలో 2013లో కొందరు సభ్యులు లింక్డ్‌ఇన్ మీద కోర్టుకెక్కారు. 2015లో కంపెనీ 1 కోటీ 30 లక్షల డాలర్లకి రాజీ పడింది. చూశావా, నీకొక్కదానికే తలవంపు అనుకున్నావు గానీ, అంతమంది పడ్డారు! ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సింక్ అయిన కాంటాక్టులు ఉన్నాయేమో చూసి తీసేయ్. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి కాంటాక్టుల అనుమతి కూడా ఆపేయ్. తోడికోడలికి ఏం చెప్పాలంటావా? "యాప్ పంపింది అక్కా" అని నిజమే చెప్పు. మాటలు కలవడానికి అదైనా దారి అవుతుందేమో, ఎవరు చూడొచ్చారు!

పీహెచ్‌డీలు చేసే చెల్లెళ్ళకి వేరే తరహా బెడద. మీ పేరు ఓ పరిశోధన వ్యాసంలో కనిపించింది, ఎక్కడో చూడాలంటే డబ్బు కట్టండి అని అకడమియా డాట్ ఈడీయూ లాంటి చోట్ల నుంచి మెయిళ్ళు వస్తాయి. మామూలు పేరున్న పిల్లయితే అందులో కనిపించిన లక్ష్మి ఏ ఊరి లక్ష్మో! ఇదైనా నయం. "గౌరవనీయులైన ప్రముఖ శాస్త్రవేత్త గారికి" అంటూ, ఇంకా గైడ్ సంతకం కూడా కాని పిల్లకి విదేశీ సదస్సులో ముఖ్యవక్తగా రమ్మని పిలిచేవి ఉన్నాయే, అవి మరీ. ఇందులో మన ఊరి పేరూ పాడైంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. వ్యాసాల్ని నిపుణులు పరిశీలిస్తారని అబద్ధం చెప్పడం, ఫీజుల సంగతి ముందు దాచడం లాంటి ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. నీకు అలాంటి పిలుపొస్తే ఒప్పుకునేముందు మీ గైడ్‌కి చూపించు. గైడ్ ఊళ్ళో లేకపోతే మీ యూనివర్సిటీ లైబ్రేరియన్‌ని అడుగు, వాళ్ళకి ఈ పేర్లన్నీ కంఠతా వచ్చు. నిన్ను నిజంగా పిలిచినవాళ్ళు నీ పేపర్ ఏదో, అందులో ఏం నచ్చిందో ఒక్క వాక్యమైనా రాస్తారు.

ఇక పొగడ్త వెనక ఏకంగా దొంగే ఉండే సందర్భాలు. మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది, ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కింద ఇంత కట్టండి, ల్యాప్‌టాప్ డిపాజిట్ కింద అంత కట్టండి అంటారు. ఇక్కడ అక్క మెత్తగా మాట్లాడదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు మనకి డబ్బిస్తారు గానీ మన దగ్గర తీసుకోరు. పైసా కట్టకు. పొరపాటున కట్టేసి ఉంటే ఏడుస్తూ కూర్చోకుండా ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెప్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచేస్తారు మన పిల్లలు, దొంగకి కావాల్సింది సరిగ్గా ఆ రెండు రోజులే.

"ఇంత గోలెందుకు అక్కా, ఆ ఖాతానే తీసేస్తాను" అంటావేమో, వద్దు వద్దు. ఉద్యోగాలు అక్కడ నిజంగానే దొరుకుతున్నాయి, అమెరికా తర్వాత లింక్డ్‌ఇన్‌కి ఎక్కువమంది సభ్యులున్నది మన దేశంలోనే. కావాల్సింది ఉంచుకుని చెత్త ఊడ్చేద్దాం. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ అని ఉంటుంది, అందులోకి వెళ్తే ఏ రకం సమాచారం మెయిల్‌కి రావాలి, ఏది యాప్‌లోనే ఉండాలి అని విడివిడిగా అడుగుతుంది. ఉద్యోగాల అలర్టులు, మనుషులు పంపే మెసేజ్‌లు ఉంచు. ప్రొఫైల్ చూశారు, వెతుకులాటలో కనిపించారు, ఫలానావాళ్ళకి వర్క్ యానివర్సరీ, ఇవన్నీ మెయిల్‌కి రాకుండా ఆపేయ్. ఓ పావుగంట పని. సీరియల్ మధ్యలో ప్రకటనలొచ్చినప్పుడు చేసుకోవచ్చు.

మిగతా సైట్ల మెయిళ్ళకైతే జీమెయిల్‌లోనే పైన, పంపినవాళ్ళ పేరు దగ్గర, అన్‌సబ్‌స్క్రైబ్ అని కనిపిస్తుంది. రోజుకి 5,000కి మించి మెయిళ్ళు పంపే సంస్థలు ప్రచారపు మెయిళ్ళకి ఒక్క నొక్కుతో ఆపే వీలు పెట్టి తీరాలని 2024లో గూగుల్ నియమం తెచ్చింది. మన ప్రభుత్వం కూడా 2023 నవంబరులో, జనాన్ని మాయచేసే డిజైన్ పద్ధతుల్ని 13 రకాలుగా విడగొట్టి, అవి చెయ్యకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. మాటిమాటికీ వేధించడం అందులో ఒకటి, చేరడం తేలిగ్గా పెట్టి బయటపడటం కష్టం చెయ్యడం ఇంకొకటి. ఎవరైనా మరీ విసిగిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అనామకంగా వచ్చిన మెయిల్ అయితే మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ కూడా నొక్కకు, స్పామ్‌లో పడేసి మర్చిపో.

ఇన్ని ఆపేశాక ఇన్‌బాక్స్ బోసిగా అనిపిస్తుంది, ముందే చెప్తున్నాను. పొగిడేవి పోయాయి కదా! నిజం మాట్లాడుకుందాం. ఆ మెయిల్ మనకి అంత తియ్యగా ఎందుకుంది? మనం చేసే పని గురించి ఎవరైనా ఓ మంచి మాట చెప్పి ఎన్నాళ్ళయింది? ఇంట్లో కూర బాగుందంటారు, అది కూడా ఉప్పు సరిపోయిన రోజున. ఆఫీసులో అప్రైజల్‌లో అందరికీ వేసే మార్కే మనకీ వేస్తారు. ఆ రిలీజ్ రాత్రి రెండింటిదాకా కూర్చుని గట్టెక్కించింది నువ్వు, ఆ కస్టమర్‌ని బుజ్జగించి నిలబెట్టుకుంది నువ్వు, ఈ సంగతి తెలిసిన మనుషులు ఉన్నారు. వాళ్ళు చెప్పరు, మనం అడగం. మొహమాటం! మనల్ని మనం ఎలా పొగిడించుకుంటాం అనుకుంటాం.

అడగాలి తల్లీ. అదే సైటులో రికమండేషన్ అని ఉంది, తెలిసిన మనిషి తన పేరు పెట్టి నీ గురించి నాలుగు వాక్యాలు రాస్తే అది నీ ప్రొఫైల్‌లో ఉండిపోతుంది. రిక్రూటర్లు వ్యూల సంఖ్య చూడరు, ఇది చదువుతారు. నీతో కలిసి పనిచేసిన ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకో. పెద్ద హోదా ఉన్నవాళ్ళే అక్కర్లేదు, నీ పని దగ్గర్నుంచి చూసినవాళ్ళయితే చాలు. యాప్‌లో ఊరికే రిక్వెస్ట్ పంపేసి ఊరుకోకు, మనం ఇంతసేపు తిట్టుకున్న అచ్చు మెయిల్ అవుతుంది అదీ. ఫోన్ చెయ్యి. "సర్, ఆ బ్యాంకు ప్రాజెక్టులో టెస్టింగ్ నేనే చూసుకున్నాను గుర్తుందా, దాని గురించి రెండు మాటలు రాస్తారా?" అని ఫలానా పని పేరు పెట్టి అడుగు. అలా అడిగితే వాళ్ళకీ రాయడం తేలిక, "కష్టపడి పనిచేస్తుంది, మంచి అమ్మాయి" అని చప్పగా రాయరు. అంతకు ముందే నువ్వు నీ కింద పనిచేసిన జూనియర్ పిల్ల గురించి రాసి పెట్టు, తను అడగకపోయినా. తనకీ ఈ మెయిళ్ళు వస్తూనే ఉంటాయి కదా.

ఫోన్ మాత్రం సోమవారం పొద్దున చెయ్యకు, మీటింగుల్లో ఉంటారు, విసుక్కుంటారు. బుధవారమో గురువారమో సాయంత్రం నాలుగింటికి చెయ్యి, టీ టైముకి మనుషులు కాస్త మెత్తగా ఉంటారు. ఆ ప్రీమియం ఉచిత నెల ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఇప్పుడే, నా ముందే చూడు. ఫోన్ ఇలా ఇవ్వు.